ముప్పై ఆరు కన్నాల బురుజు

రాయమల్లు రాయితో మాట్లాడతాడని సుంకరిపల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. రాయి కూడా ఆయనకు జవాబు చెబుతుందని కొందరు అంటారు. ఆ రెండో మాట నమ్మాలో వద్దో మీ ఇష్టం. మొదటిది మాత్రం నిజం. ముప్పై నాలుగేళ్లు ఆయన జీతం తీసుకున్నది ఆ పనికే.

గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం రాయమల్లు పని. షిఫ్టు మొదలుకాగానే చేతికర్ర తీసుకుని పైబండను తట్టుకుంటూ పోయేవాడు. గట్టి బండ గంటలా ఖంగుమంటుంది. వదులైన బండ డోలులా మోగుతుంది. డోలు వినిపిస్తే అక్కడ దుంగైనా నిలబెట్టాలి, లేదా అక్కడి నుంచి లేచైనా పోవాలి. ఆ చెవి పుణ్యమా అని ఆయన వెంట దిగినవాళ్లందరూ డ్యూటీ దిగి నవ్వుకుంటూ ఇళ్లకు చేరారు. ఖని బజారులో ఆయన కనిపిస్తే పుచ్చకాయల బండివాడు బండిని పక్క సందులోకి తోసుకుపోయేవాడట. క్వార్టర్ తలుపు మీద వేలితో ఒక్కసారి కొట్టి, లోపల భార్య పూలమ్మ కోపంగా ఉందో లేదో తెలుసుకుని, కోపంగా ఉంటే అటునుంచి అటే చాయ్ హోటలుకు మళ్లేవాడట. పూలమ్మను అడిగితే, అన్ని కోపాలూ తలుపు దాకా రావనీ, అలాంటివి వినే చెవి ఆ మనిషికి దేవుడు ఇయ్యలేదనీ అంటుంది.

దుంగలు కాక రాయమల్లు చేతిలో ఇంకో విద్య ఉండేది. బొగ్గు తవ్వి వదిలేసిన పాత దారుల్లోకి గాలి పోతే, మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది. అందుకని ఆ దారి నోటికి అడ్డంగా గోడ కట్టి, వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా మెత్తి, దాని మీద నంబరూ తేదీ రాసిపెడతారు. స్టాపింగ్ అంటారు దాన్ని. రాయమల్లు కట్టిన స్టాపింగ్ దాటి దోమ కూడా పోలేదని పేరు. అన్నేళ్లు ఆ పని చేసిన మనిషికి తెరిచి ఉన్న కన్నం కంటపడితే చేతులు ఊరుకోవు. రిటైరై సొంతూరికి వచ్చిన మొదటి నెలలోనే ఇంట్లో ఎలుక బొక్కలు, గోడకు మేకులు పీకిన గుంటలు, దర్వాజ పక్క సందులు అన్నీ మూసేశాడు. పూలమ్మ తన జల్లెడను మాత్రం దాచిపెట్టుకుంది.

ఇంట్లో మూయడానికి ఏమీ మిగలనప్పుడు ఆయన కళ్లు బురుజు మీద పడ్డాయి.

సుంకరిపల్లె ఖనికి ఏడు కిలోమీటర్లు. ఊరి నడుమ నలభై ఐదు అడుగుల రాతి బురుజు. అది కట్టి నాలుగు వందల ఏళ్లని ఒకరంటే ఏడు వందలని ఇంకొకరంటారు. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ తగ్గరు. అడుగున ముప్పై అడుగుల వెడల్పు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతూ చివరికి ఇరవై రెండు. కాళ్లు ఎడంగా పెట్టి కుస్తీకి నిలబడ్డ పహిల్వానులా ఉంటుంది. చూసేవాళ్లకు గోడ ఒకటే అనిపిస్తుంది గానీ నిజానికి రెండు. చెక్కిన రాళ్లతో బయట ఒక వరుస, లోపల ఒక వరుస. నడుమ రాతిముక్కలూ మట్టీ సున్నమూ కలిపి కూరారు. అన్నీ కలిపి ఆరడుగుల మందం. అక్కడక్కడా ఒక పొడుగాటి రాయి ఈ వరుస నుంచి ఆ వరుస దాకా అడ్డంగా పోయి రెండింటినీ విడిపోకుండా పట్టుకుంటుంది. తల వంచితే తప్ప దూరలేని దర్వాజలోంచి లోపలికి పోతే, పైన కప్పు ఉండదు, గుండ్రటి ఆకాశం కనిపిస్తుంది. మెట్లకు కింద ఏ ఆధారమూ లేదు. గోడలోంచి నాలుకల్లా బయటికి పొడుచుకొచ్చిన నలభై ఒక్క రాళ్లే మెట్లు. అవి చుట్టూ తిరుగుతూ కొన దాకా పోతాయి. ఒక్కో రాయి సగం గోడలో ఉంటుంది, సగం గాలిలో. గోడ బరువే వాటిని అదిమి పట్టుకుంటుంది.

బయటి గోడకు మూడు వరుసల్లో, వరుసకు పన్నెండు చొప్పున, ముప్పై ఆరు కన్నాలు. ఒక్కోటి జానెడు. అవి తుపాకులు పెట్టే కన్నాలని ఊరంతా నమ్మకం. రాయమల్లుకూ అదే నమ్మకం.

ఏడేళ్ల కింద ఒక పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఫొటోలు దిగడానికి కరీంనగర్ నుంచి కారులో వచ్చారు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని సిగ్గుపడుతున్న క్షణంలో, తల పక్కనున్న కన్నంలోంచి ఒక జెర్రిపోతు ఫొటోలోకి దిగింది. పెళ్లికొడుకు ఒక్కడే కారెక్కి డోరు వేసుకున్నాడు. ఆ పెళ్లి జరిగిందో లేదో ఊరికి ఇప్పటిదాకా కబురు లేదు. మరునాడు పంచాయతీలో సర్పంచ్ సదానందం, ఇన్ని బొక్కలు ఉంటే పాములు రాక ఏమొస్తాయని అన్నాడు. ఆ మాట కోసమే పుట్టినట్టు రాయమల్లు లేచి నిలబడ్డాడు.

ఆరు రోజుల్లో ముప్పై ఆరూ మూసేశాడు. కన్నంలోకి కర్ర పెట్టి చూసినప్పుడు రెండు వింతలు కనిపించాయి. కన్నం అడుగు బయటికి వాలి ఉంది. కింద ఉన్న శత్రువును కాల్చడానికి కాబోలు అనుకున్నాడు. కర్ర మూడడుగులు పోయి నడుమ కూరిన రాళ్లకు తగిలి ఆగిపోయింది. అంటే లోపలి నుంచి తుపాకీ పెట్టే దారే లేదు. పాతకాలపు మేస్త్రీకి పని సరిగా రాదని జాలిపడి, ఇటుక ముక్కలు దట్టించి, పైన సిమెంటు మెత్తి, అలవాటు కొద్దీ ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా ఎర్ర రంగుతో నంబర్లు వేశాడు. ఊరు ఆయనకు శాలువా కప్పింది. ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో రాయమల్లు ఫొటో కన్నా సదానందం ఫొటో పెద్దగా ఉంది.

ఈ ఏడు జూన్‌లో, మొదటి వానలు రెండు పడ్డాక, ఒక పొద్దున బురుజు తూర్పు వైపు నుంచి మేకపిల్లంత రాయి ఊడి పంచాయతీ చెత్తబండి మీద పడింది. బండి చెత్తలో చెత్తయింది. మనుషులు తలెత్తి చూస్తే బురుజుకు పొట్ట వచ్చి ఉంది. నడుముకు కొంచెం పైన, తూర్పు గోడ బయటికి ఉబ్బి, దాని మీద నిలువునా ఒక చీలిక.

జిల్లా ఆఫీసు నుంచి సంధ్యారాణి అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా లేని పిల్ల. తాడుకు గుండు కట్టి వేలాడదీసి, ఉబ్బు తొమ్మిది అంగుళాలని కొలిచింది. పక్కనే అంగన్‌వాడీ, ఎదురుగా బస్సు ఆగే చోటు. ఇంకో గట్టి వాన పడితే గోడ ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరని రాసింది. రాసినందుకు ఆమెకూ సంతోషం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆర్డరు వచ్చింది. అంగన్‌వాడీని ఖాళీ చేసి, వచ్చే శనివారం పొద్దున పది గంటలకు జేసీబీతో బురుజును దించేయాలి.

రాయమల్లుకు అన్నం పోలేదు. ఆయన బాయిలో ఎన్నో కప్పులు నిలబెట్టాడు. సొంత ఊళ్లో, కళ్ల ముందు, ఒక రాతిగోడ కూలుతానంటుంటే ఊరకే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ఆదివారం పొద్దున్నే చేతికర్ర తీసుకుని బురుజు చుట్టూ తిరిగి తట్టడం మొదలుపెట్టాడు. పడమర గోడ గంటలా మోగింది. ఉత్తరం మోగింది. తూర్పున పొట్ట దగ్గరికి వచ్చేసరికి గంటా లేదు, డోలూ లేదు. కర్ర తగిలిన చోటే చప్పుడు చచ్చిపోతోంది. నిచ్చెన వేసుకుని పైన కొట్టాడు, కింద కొట్టాడు. అంతే.

అప్పుడే ఖని నుంచి నజీర్ వచ్చాడు. నజీర్ అదే బాయిలో ముప్పై ఏళ్లు పంపు నడిపినవాడు. నేల వాసన చూసి కింద ఎన్ని అడుగుల్లో నీళ్లున్నాయో చెప్పగలనని ఆయన అంటాడు. రెండు అడుగులు అటూ ఇటూ అయితే అది నేల తప్పు. ఇద్దరికీ ఒకే షిఫ్టు, ఒకే చాయ్ గ్లాసు, ముప్పై ఏళ్ల నుంచి ఒకే పంచాయితీ: బాయిని నిలబెట్టింది దుంగనా, పంపా అని.

"ఏమంటంది నీ రాయి?" అన్నాడు నజీర్, స్కూటీ దిగకుండానే.

"ఏమంటలేదు భాయ్. తడిసిన గోనెసంచిని కొట్టినట్టున్నది. గిసొంటి సప్పుడు బాయిల ఎన్నడూ ఇనలే."

"నువ్వెట్ల ఇంటవ్? నువ్వు కర్ర పట్టుకొని వచ్చేటాలకు నేను నీళ్లన్నీ తోడి జాగ ఎండవెట్టి ఉంచుతుంటి. నీళ్లున్న బండ సప్పుడు నీకెట్ల ఎర్కైతది?"

నజీర్ నింపాదిగా దిగి గోడకు అరచెయ్యి ఆనించాడు. వంగి, గోడ అడుగున రాళ్ల సందుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పును గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. తలెత్తి ఎర్ర నంబర్లను ఒక్కొక్కటే చూశాడు. పదిహేడో నంబరు కింద పచ్చటి పాచి చార. పద్దెనిమిది కింద ఇంకోటి. పందొమ్మిది కింద ఇంకోటి.

"మే నెలల మనుషులకే తడి లేదు. గీ గోడకు పాచెట్ల వట్టింది రాయమల్లు? పైనుంచి వాన గోడ నడుమకు దిగుతంది. బయటికి పోతందుకు తొవ్వ లేదు. అవి తుపాకి బొక్కలు గావు. మోరీలు."

రాయమల్లు నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. బయటికి వాలిన కన్నం అడుగు గుర్తొచ్చింది. మూడడుగులు పోయి కూరిన రాళ్ల దగ్గర ఆగిపోయిన కర్ర గుర్తొచ్చింది. ఆ కన్నం రావలసింది సరిగ్గా అక్కడికే. రెండు గోడల నడుమ చేరిన వాననీళ్లను పట్టుకుని బయటికి పారబోయడానికే ఆ పేరు తెలియని మేస్త్రీ దాన్ని అంత లోతుగా, అంత వాలుగా, ముప్పై ఆరు చోట్ల పెట్టాడు. ఇన్ని వందల వానాకాలాలు బురుజు ఆ కన్నాలతోనే బతికింది. ఏడు వానాకాలాల కింద రాయమల్లు దాని నోళ్లన్నీ మూశాడు. లోపలి మట్టి నీళ్లు తాగి తాగి ఉబ్బి, బయటి గోడను ముందుకు తోసింది. గాలి తగిలితే అగ్గి పుడుతుందని భయపడే బాయి మనిషి తప్ప ఇంకెవరూ అంత గట్టిగా మూసి ఉండరు.

"ఒక్కటి తీసి చూద్దాం పా," అన్నాడు నజీర్.

రాయమల్లు కదల్లేదు. తీస్తే నీళ్లు రావచ్చు. వస్తే బురుజును చంపింది ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. తీయకపోతే శనివారం పది గంటలకు జేసీబీ వస్తుంది, రాళ్లతో పాటు తప్పు కూడా లారీల్లో పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆలోచించుకుంటానని చెప్పి ఇంటికి వెళ్లాడు.

పూలమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఆయన అంతా చెప్పాడు. ఆమె చెయ్యి ఆపకుండా విన్నది.

"బాయిల ఎవడన్న దుంగ తప్పు పెడ్తే నువ్వేం జేస్తుంటివి?"

"తీపిచ్చి మళ్ల పెట్టిస్తుంటి."

"వానికి సిగ్గైతదని ఊకుంటివా ఎన్నడన్న?"

పూలమ్మ ఇంకో చింతపండు ముక్క అందుకుంది.

"శాలువ పెట్టెలున్నది. వాపస్ ఇమ్మంటే ఇచ్చేద్దాం తీ. ఎట్లైనా అది గుచ్చుకుంటది."

సోమవారం పొద్దున జేసీబీ ఎటు నుంచి రావాలో గుర్తులు పెట్టడానికి సంధ్యారాణి వచ్చింది. పంచాయతీ ముందు ఊరు సగం గుమిగూడింది. రాయమల్లు వాళ్ల నడుమకు వెళ్లి, బురుజుకు వచ్చింది ముసలితనం కాదనీ, కడుపులో నీళ్లనీ, ఆ నీళ్లు పోయే దారులు మూసింది తానేననీ చెప్పాడు. ఎర్ర నంబర్లు ఒక్కొక్కటే చూపించాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆయన బాయి చదువు బాయిలోనే వదిలి రావలసిందని ఒకరు, ఫ్లెక్సీ ఇప్పుడు మళ్లీ కట్టాలని ఇంకొకరు.

"అప్పుడు శాలువ కప్పినం బావా. ఇప్పుడేం కప్పాలె నీకు?" అన్నాడు సదానందం.

"నాకు ఎనుక కప్పుదువు సదానందం. ముందుగాల బురుజుకు పది దుంగలియ్యి."

సంధ్యారాణి మాత్రం నవ్వలేదు. మందమర్రిలో పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న ఇరవై ఆరేళ్లు బాయిలో చేశాడు. స్టాపింగ్ అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఆమె భయం వేరు. నీళ్లు ఒక్కసారిగా వదిలితే వాటితో పాటు లోపలి మట్టి కూడా కొట్టుకొచ్చి గోడ అక్కడికక్కడే కుంగిపోతుంది. అది అడిగింది. రాయమల్లుకు మొదటిసారి గుండె కుదుటపడింది, ఎందుకంటే అడగవలసిన ప్రశ్న అదే, దానికి జవాబు ఆయన చేతుల్లో ఉంది.

పాత దారుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయని అనుమానమొస్తే బాయిలో ఎవరూ గోడ పగలగొట్టరు. సన్నటి రంధ్రం వేసి, నీళ్ల బలం చూసి, కొంచెం కొంచెంగా దించుతారు. ఇక్కడా అంతే. ముందు పొట్టకు బయటి నుంచి ఏటవాలుగా దుంగలు ఆనించాలి. ఎంత గట్టిగా అంటే, గోడ ఇంక ముందుకు రాకూడదు, అలాగని వెనక్కి నెట్టనూ కూడదు. తర్వాత పైవరుస నుంచి మొదలుపెట్టి, రోజుకు ఒక వరుస చొప్పున కిందికి రావాలి. కింది వరుస ముందు తీస్తే పైనున్న నీళ్ల బరువంతా అక్కడే విరుచుకుపడుతుంది. ఇదంతా ఆయన మట్టిలో పుల్లతో గీసి చూపించాడు.

"శనివారం దాకనే టైం ఉంది కాకా," అన్నది సంధ్యారాణి. "ఆర్డరు నేను ఆపలేను. కాని చీలిక మీద అద్దం ముక్క అతికిస్త. గోడ వెంట్రుకంత కదిలినా అద్దం పగులుతది. నడుమల వాన పడ్డా కూడా శనివారం పది గంటలకు అద్దం మంచిగుంటే, గోడ నిలబడ్డదని నేనే సంతకం పెడ్త. పగిలితే మాత్రం నన్నేం అడగొద్దు."

మంగళవారం ఖని నుంచి, నస్పూర్ నుంచి, ఎనిమిది మంది రిటైరైన బాయి మనుషులు ట్రాలీ ఆటోలో దిగారు. అందరిలో చిన్నవాడికి అరవై రెండు. నలుగురికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరికి షుగరు, ఒకాయనకు చెవుడు. అందరి తలల మీదా పాత హెల్మెట్లు. నజీర్ నిలబెట్టి హాజరు తీసుకున్నాడు. వాళ్లు దుంగలు ఎత్తి నిలబెడుతుంటే చూసిన కుర్రాళ్లు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారట. అది నేను నమ్మను గానీ, దుంగలు మాత్రం మధ్యాహ్నానికల్లా లేచాయి. సంధ్యారాణి చీలికకు అడ్డంగా మూడు చోట్ల అద్దం ముక్కలు అతికించి, వాటి మీద తేదీ రాసింది.

బుధవారం పైవరుస. సర్వి కర్రల మంచె మీద నిలబడి రాయమల్లు తన చేత్తో తానే మెత్తిన సిమెంటును ఉలితో కొట్టాడు. అంత మంచి పని చేసినందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఒకటో నంబరు తీస్తే దుమ్ము. రెండో నంబరు తీస్తే దుమ్ము, ఒక పావురం ఈక. పన్నెండూ తీశాడు. ఒక్క చుక్క రాలేదు. కింద నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. సదానందం వెళ్తూ వెళ్తూ, నజీర్ భాయ్ వాసన చూసింది బురుజునేనా, బిర్యానీనా అని అడిగి వెళ్లాడు. నజీర్ ముఖం నల్లబడింది. రాయమల్లు మళ్లీ కర్రతో తట్టాడు. పైవరుస గంటలా మోగింది. రెండో వరుస దగ్గర చప్పుడు అలాగే చచ్చిపోయింది. నీళ్లు అంత ఎత్తుకు రాలేదు, అంతే. ఉన్నది కిందనే.

గురువారం రెండో వరుస. ఉబ్బు సరిగ్గా అక్కడే. పదిహేడో నంబరు మీద ముందుగా వేలు దూరేంత రంధ్రం పెట్టాడు. లోపలి నుంచి పాము బుసకొట్టినట్టు గాలి వచ్చింది. రాయమల్లు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ వెంటనే ఎర్రటి నీళ్లు, వేలి మందాన ధారగా, ఆయన భుజం మీదుగా దూకి కింద హెల్మెట్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ల నడుమ పడ్డాయి.

ఊరికి ఎవరు చెప్పారో తెలియదు. అర్ధగంటలో ఇళ్లకు పోయినవాళ్లందరూ తిరిగొచ్చారు. పద్దెనిమిది తీస్తే నీళ్లు. పందొమ్మిది తీస్తే నీళ్లు. మొదట బురదగా, తర్వాత చాయ్ రంగులో, సాయంత్రానికి తేటగా. ఎక్కువ మట్టి వస్తే ఆపేయాలని సంధ్యారాణి బకెట్లు పెట్టి, ఒక్కో బకెట్ అడుగున ఎంత మట్టి పేరుకుంటోందో చూస్తూ కూర్చుంది. మట్టి తగ్గుతూ వచ్చింది. ఆ రోజు బురుజు పోసిన నీళ్లతో ఊరి చెరువు రెండడుగులు పెరిగిందని రాయమల్లు తర్వాత చెప్పుకున్నాడు. ఊళ్లో చెరువు లేదన్న సంగతి ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు.

శుక్రవారం పొద్దున కింది వరుస కూడా తీయడం అయిపోయింది. మధ్యాహ్నం మూడింటికి జైపూర్ వైపు నుంచి నల్లటి మబ్బు గోదావరి దాటి వచ్చింది. అది మామూలు వాన కాదు. ఎదుటి మనిషి కనిపించని వాన. ఏడేళ్లూ బురుజును ఉబ్బించింది ఇలాంటి వానలే. ఇప్పుడు దానికి నోళ్లు తెరిచి ఉన్నాయి. అవి పని చేస్తాయో, లేక ఏడేళ్లకు లోపలి దారులన్నీ పూడుకుపోయాయో తెలియదు. రాయమల్లు పంచాయతీ అరుగు మీద నిలబడి చూశాడు. పక్కన పూలమ్మ వచ్చి నిలబడింది. గొడుగు తెచ్చింది గానీ తెరవడం మరిచిపోయింది.

మొదటి పావుగంట ఏమీ లేదు. గోడ తడిసి నల్లబడింది, అంతే. తర్వాత పైవరుసలో ఐదో నంబరు నుంచి సన్నటి ధార దూకింది. తర్వాత తొమ్మిది. తర్వాత రెండో వరుస మొత్తం. చూస్తుండగానే మూడు వరుసలూ తెరుచుకుని, ముప్పై ఆరు ధారలు బురుజు చుట్టూ ఒకేసారి గాలిలోకి దూకాయి. ఒక్కటి కూడా గోడను తాకడం లేదు. కన్నం చివర రాయిని పెదవిలా ముందుకు చెక్కి ఉంచాడు ఆ మేస్త్రీ, నీళ్లు గోడ వెంట జారకుండా దూరంగా పడాలని. ఏడేళ్ల కింద రాయమల్లు ఆ పెదవుల మీదే సిమెంటు మెత్తాడు.

"సూడు నజీర్ భాయ్, సూడు. పని రాదన్న నేను ఆయనకు. పని రానిది నాకు," అన్నాడు రాయమల్లు. ఆయన ముఖం మీద ఉన్నది వాననీళ్లేనని పూలమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

నజీర్ ఆ వానలోనే రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. "కరెంటు లేదు, మోటారు లేదు, ఖలాసీ లేడు," అన్నాడు. "గిది పంపుకే ఉస్తాద్."

శనివారం తెల్లవారేసరికి వాన వెలిసింది. తొమ్మిదింటికే జేసీబీ వచ్చి తొండం ఎత్తి నిలబడింది. ఊరు ఊరంతా వచ్చింది. పది గంటలకు సంధ్యారాణి నిచ్చెన ఎక్కింది. మొదటి అద్దాన్ని చేతిరుమాలుతో తుడిచి, వెలుతురుకు అడ్డంగా చూసింది. రెండోదీ తుడిచింది. మూడో దాని దగ్గర చాలాసేపు ఆగింది. మూడో అద్దం మీద ఒక గీత ఉంది. ఆమె గోటితో గీకింది. అది రాత్రి నత్త పాకిన జాడ.

"మూడూ మంచిగున్నయ్," అన్నది సంధ్యారాణి. "గోడ కదల్లేదు."

అప్పుడు లేచిన కేకకు ఖని సైరన్ సిగ్గుపడి ఆ రోజు మోగలేదట. సంధ్యారాణి నిచ్చెన మీదే కాగితం పెట్టుకుని సంతకం చేసింది. బురుజు దించనక్కరలేదు. ఉబ్బు అలాగే ఉంటుంది గానీ పెరగదు. వానాకాలం పోయాక, పొట్ట దగ్గర ఆ గోడ నుంచి ఈ గోడ దాకా కొత్తగా తొమ్మిది పొడుగు రాళ్లు అడ్డంగా దూర్చి, డంగు సున్నంతో బిగించాలి. సిమెంటు ఎక్కడా వాడకూడదని కింద రెండు గీతలు గీసి రాసింది. ఆ పని దగ్గరుండి చూడవలసిన వ్యక్తి పేరు రాసే చోట రాయమల్లు పేరు రాసింది. ఆయన ఇంటిపేరేమిటని అడిగి మరీ రాసింది.

సదానందం మైకు తెప్పించి, ఊరి చరిత్రను కాపాడిన ఘనత గురించి మాట్లాడబోయాడు. ఎవరి ఘనతో చెప్పే లోపలే హెల్మెట్ల ఎనిమిది మంది రాయమల్లును భుజాల మీదికి ఎత్తుకున్నారు. మోకాళ్ల నొప్పుల నలుగురూ ముందు వరుసలోనే ఉన్నారు. ఆయన మాత్రం దించమని గోల చేశాడు. నిన్నటి వాన నీళ్లన్నీ బురుజు పాదాల దగ్గరే మడుగు కట్టి ఉండడం ఆయనకు పైనుంచి కనిపించింది. అలా ఉంటే పునాది తడుస్తుంది. పైనుంచి కాపాడి కిందనుంచి పోగొట్టుకున్నట్టవుతుంది.

దిగగానే నేరుగా జేసీబీ దగ్గరికి వెళ్లాడు. డ్రైవరు పనిలేక ఇంజను ఆపి బీడీ వెలిగిస్తున్నాడు. రాయమల్లు కర్రతో నేల మీద గీత గీశాడు, బురుజు చుట్టూ ఒక చుట్టు, అక్కడి నుంచి బస్సు ఆగే చోటు పక్కగా పొలాల కాలువ దాకా. అది ఎంత లోతు ఉండాలో, ఎటు వాలాలో నజీర్ చెప్పాడు. మూడంగుళాల వాలు దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. సంధ్యారాణి లెక్క చూసి నజీర్ వైపు తీర్పు చెప్పింది. రాయమల్లు ఆ ఒక్కసారికి ఒప్పుకున్నాడు.

బురుజును కూల్చడానికి వచ్చిన యంత్రం తల వంచి దాని కాళ్ల చుట్టూ మోరీ తవ్వడం మొదలుపెట్టింది. మొదటి పది గజాలు తెగగానే మడుగులోని నీళ్లు కదిలి, కొత్త దారి వెంట పొలాల వైపు ఉరికాయి. ఊరు ఆ నీళ్ల వెంట నడిచింది. రాయమల్లు మాత్రం జేసీబీ పక్కనే నిలబడి, ఎర్రమట్టిలో మోకాళ్ల దాకా దిగబడి, డ్రైవరుకు చెయ్యి చూపిస్తున్నాడు.

"ఇంకింత లోతు తియ్యి బిడ్డా. నాలుగు వందల ఏండ్లకు సరిపోవాలె."

పక్కనుంచి ఎవరో ఏడు వందలని సరిచేశారు.